వాదీలో సుక్కకూర

రెండు శీతకాలాలుగా మేము, అక్కచెల్లెళ్ళం ఇద్దరం, ఖోర్ ఫక్కాన్‌లో మా అమ్మాయి ఇంట గడుపుతున్నాము. అమ్మాయి అక్కడి పాఠశాలలో ఉపాధ్యాయిని. మేమిద్దరమూ పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినులమే. కనుక ఆ ఇంట ముగ్గురు పంతులమ్మలు, ఒక్కడే విద్యార్థి. ఎనిమిదేళ్ళ మా మనవడి కష్టాన్ని పాఠకులు ఊహించుకోగలరు.

ఖోర్ ఫక్కాన్ షార్జా ఎమిరేటుకు చెందిన పట్టణమే గాని షార్జా నగరానికి చాలా దూరంగా, ఫుజైరా భూభాగం నడుమ, ఒమన్ సింధుశాఖ ఒడ్డున ఉన్నది. వెనుక హజర్ పర్వతాలు, ముందు సముద్రం, ఒక పక్క ఓడరేవు క్రేనులు. 2019లో ప్రారంభమైన కొత్త రహదారి ఐదు సొరంగాల గుండా కొండలను తొలుచుకొని వస్తుంది. వాటిలో అన్నిటికంటే పొడవైన సొరంగం పేరు సిద్రా. సిద్ర్ అంటే అరబ్బీలో రేగుచెట్టు. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి మా మనవడు దానిని రేగు సొరంగం అనే పిలుస్తున్నాడు.

ఆ కొండలను మొదటిసారి చూచినప్పుడు వాటి మీద తినదగినది ఒక్కటైనా మొలుస్తుందని మేము అనుకోలేదు. మాడిన రొట్టె రంగు రాయి, రాయి మీద రాయి. అక్కడక్కడ తుమ్మ జాతి సమ్ర్ చెట్లు, వాదీల అంచున రేగుచెట్లు. వాదీ అంటే వానకు మాత్రమే పారే కొండవాగు. సంవత్సరంలో ఎక్కువ కాలం అది గులకరాళ్ళ బాట. వాన పడితే ఒక్క గంటలో కార్లను కొట్టుకొనిపోగల ప్రవాహం. కొండ మీద మబ్బు పట్టినప్పుడు వాదీలో కాలు పెట్టరాదని ఇక్కడి వారు పిల్లలకు మొదట నేర్పుతారు. మాకూ అదే నేర్పారు.

మొదటి ఏడు మేము ఏరినవి రేగుపళ్ళు మాత్రమే. భోగినాడు మనవడి తల మీద పోయడానికి రేగుపళ్ళు కావాలి. దుకాణంలో దొరికే యాపిల్ రేగు దోసిట్లో నాలుగుకు మించి పట్టదు, పైగా తల మీద పడితే బొప్పి కడుతుంది. వాదీ అంచున ఒక పాత సిద్ర్ చెట్టు కింద సంచి పరచి, అందినంత ఏరుకొన్నాము. ఈ చెట్టూ మన రేగు జాతిదే, దాని పండును ఇక్కడ నబఖ్ అంటారు. జనవరి నడుమ నాటికి సగం పచ్చిగానే ఉన్నవి. అయినా భోగిపళ్ళకు తీపి ముఖ్యం కాదు గదా. వాటిలో చిల్లర, పూరేకులు కలిపి పోశాము. ఆ చెట్టు ముళ్ళ గీతలు మా చేతుల మీద వారం రోజులు ఉన్నవి.

జమ్మిని గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దసరాకు జమ్మి ఆకు ఎక్కడ దొరుకుతుందని ఈ దేశంలోని తెలుగు కుటుంబాలు వెదుకుతూ ఉంటాయి. ఎమిరేట్ల జాతీయ వృక్షమైన ఘాఫ్, తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి, రెండూ ఒకే చెట్టు. 2019ని ఈ దేశం సహన సంవత్సరంగా జరుపుకొన్నప్పుడు దాని చిహ్నంగా నిలిచినది ఈ చెట్టే. కొండలు దాటి పడమటికి వెళితే ఇసుకనేల మీద కనబడుతుంది. పూర్వం ఇక్కడి వారు దాని లేత ఆకును తిన్నారు, రాజస్థాన్‌లో దాని కాయలను నేటికీ కూర వండుతారు. కొమ్మ విరవనక్కర లేదు, రాలిన రెమ్మ చాలు. చెట్టు కింద ఎప్పుడూ కొంత రాలి ఉంటుంది.

రెండవ ఏడు వానలు బాగా పడ్డాయి. రెండు వారాలు గడిచేసరికి వాదీ అంచుల్లో, రాళ్ళ సందుల్లో పలుచని పచ్చదనం వచ్చినది. ఒక ఉదయం రఫీసా ఆనకట్టకు వెళ్ళే దారిలో నడుస్తూ ఉండగా, నల్లని అబాయా ధరించిన ఒక వృద్ధురాలు వంగి చిన్న కత్తితో ఏదో కోసి సంచిలో వేసుకొనడం చూశాము. పక్కన కారులో ఆమె మనవడు కాబోలు ఫోను చూసుకొంటూ కూర్చున్నాడు. ఆ దృశ్యం దగ్గర మా నడక ఆగిపోయినది. వంగిన ఆ వీపును, ఆ కత్తి పట్టిన తీరును మేము ఎరుగుదుము.

ఆమె మమ్మల్ని చూచి నవ్వి, ఒక ఆకు తుంచి ఇచ్చినది. "హుమ్మైద్" అన్నది. నమలమని సైగ చేసినది. దళసరి ఆకు, కొంచెం త్రికోణపు ఆకారం, కాడ ఎర్రని జీర. నాలుక మీద పెట్టగానే పులుపు దవడల దాకా పాకినది. మాలో పెద్దది ఆకు మింగకుండానే ఒక్క మాట అన్నది. ఆ మాట "సుక్కకూర."

ఆ మాటను మేము బిగ్గరగా పలికి ఎన్నో ఏళ్ళయినది. దాని కథ చెప్పాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరినది. నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తెచ్చిన మొదటి ఓడ అది. 1911లో ఆ పద్ధతి ఆగిపోయేలోపు 1,52,184 మంది అలా వచ్చారు. మా అవ్వ తల్లిదండ్రులు వారిలో ఇద్దరు, నాటి విశాఖపట్నం జిల్లా పల్లె నుంచి బయలుదేరినవారు. తోట యజమాని ఇచ్చే బియ్యం, పప్పు, ఉప్పుచేప, ఉప్పు, నూనెల లెక్కను అవ్వ తన తల్లి చెప్పగా విని మాకు అప్పజెప్పేది. ఆ లెక్కలో పచ్చని ఆకు లేదు. దానిని వారే వెదుకుకొన్నారు. చెరకు వరుసల గట్ల మీద మొలిచేవాటిలో ఏది తినవచ్చునో, ఏది తినరాదో జూలూ స్త్రీలు చూపించారట. జూలూ భాషలో ఇంబుయా అనేది మన తోటకూర జాతి. ఉంసోబో మన కామంచి. అన్నిటికీ కలిపి ఇమిఫినో అని పేరు. మా ఇంట్లో "ఇమిఫినో వేపుడు" అనడం ఎంత సహజమంటే, అది తెలుగు మాట కాదని మాకు పదేళ్ళ వరకు తెలియదు.

అవ్వ తెల్లవారకముందే చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చిన్న కత్తితో గట్ల మీదికి వెళ్ళేది. ఒడి నిండా ఆకులతో తిరిగి వచ్చేది. పెరటి మూల ఒక మడిలో మాత్రం తాను విత్తు కట్టి కాపాడుకొన్న ఒక కూర ఉండేది. అదే సుక్కకూర. పప్పులో వేసేది. ఎండుచేపతో కూడా వండేది. అయితే ఇది దేవాలయ పత్రిక కనుక ఆ రుచిని గురించి ఇంతటితో ఆపుతాము.

బడిలో మా డబ్బా తెరిచినప్పుడు రొట్టెల మధ్య నల్లపచ్చని కూర కనబడేది. పక్క పిల్లలకు తెల్ల రొట్టె, జాము. ఒకరోజు ఒక పిల్ల "వీళ్ళు గడ్డి తింటారు" అన్నది. ఇంటికి వచ్చి అవ్వతో చెప్పాము. ఇకమీద ఆకులు డబ్బాలో పెట్టవద్దని, గట్ల మీదికి పగటివేళ వెళ్ళవద్దని, అందరూ చూస్తున్నారని చెప్పాము. ఏ మాటలు ముందు, ఏ మాటలు వెనుక అన్నామో మా ఇద్దరి జ్ఞాపకాలకు నేటికీ పొత్తు కుదరదు. చిన్నది "పెద్దది అన్నది" అంటుంది, పెద్దది "ఇద్దరం అన్నాము" అంటుంది. అవ్వ ఏమీ అనలేదు. మరునాటి నుంచి డబ్బాలో జాము రొట్టె వచ్చినది. అవ్వ ఆకులు కోయడం మానలేదు. తనకు మాత్రమే విడిగా, చిన్న గిన్నెలో వండుకొన్నది. 1973లో ఆమె కన్నుమూసిన తరువాత ఆ మడి మీద నాన్న సిమెంటు పోయించి కారు నిలిపారు.

అరవైకి దగ్గరపడ్డాక మేము సాయంకాలపు తరగతిలో అఆలు దిద్దాము. అందులో కూరగాయల పాఠం వచ్చిన రోజు మేమిద్దరమూ ఉత్సాహంగా చెయ్యెత్తి "సుక్కకూర" అన్నాము. గురువుగారు మంచివారే. చిరునవ్వుతో "స కాదమ్మా, చ. చుక్కకూర. సుక్క అనేది పల్లెటూరి ఉచ్చారణ" అన్నారు. నోటు పుస్తకంలో ఎర్రసిరాతో దిద్దారు. తరువాతి వారాల్లో సెట్టు చెట్టయినది, సేప చేపయినది, సూడు చూడు అయినది. ముప్పై ఏళ్ళకు పైగా ఎర్రసిరా వాడినవారము కనుక, దిద్దుబాటు మాకు అవమానంగా తోచలేదు. అవ్వకు సరియైన తెలుగు రాదని అనుకొన్నాము, అంతే. గడ్డి తినడం ఒకటి, తప్పు మాట్లాడడం మరొకటి. రెండు లెక్కలూ అవ్వ ఖాతాలోనే చేరాయి.

వాదీ దగ్గరి ఉదయానికి తిరిగి వస్తాము. ఆ వృద్ధురాలు వెళ్ళిన తరువాత మేమూ ఒక సంచి కోశాము. చూడగా చూడగా హుమ్మైద్ అంతటా ఉన్నది. ముదిరిన మొక్కలకు గులాబీ రంగు పొరల కాయలు, దూరానికి పూల వలె కనబడుతున్నవి. వృక్షశాస్త్రంలో కూడా మన చుక్కకూర, ఇక్కడి హుమ్మైద్ ఒకే జాతి. మన నేలలో మడి కట్టి పెంచుతారు, ఇక్కడ అడవి మొక్కగా లేస్తుంది. పేర్లు సైతం ఒకే మాట చెబుతాయి. అరబ్బీలో హామిద్ అంటే పులుపు. మన చుక్క ఆకాశంలోని చుక్క కాదు, సంస్కృతంలో పులుపుకు పేరైన చుక్ర నుంచి వచ్చినది.

ఆ ధైర్యంతో మరునాడు మేము ఒక తప్పు చేశాము. దానిని దాచడం ఉపాధ్యాయధర్మం కాదు. గంగవావిలి కూర కూడా అక్కడ మొలిచి ఉన్నది. నేల మీద పాకే ఎర్రకాడ, చిన్న దళసరి ఆకు. అరబ్బీలో దీనికి రిజ్లా అని పేరు, తెలివిలేని కూర అనే మరొక పేరూ ఉన్నది. వరద వచ్చే దారిలోనే మొలిచి కొట్టుకొనిపోతుంది గనుక ఆ నింద. మేము దానిని చకచకా తెంపి ఇంటికి తెచ్చాము. కడిగి తరుగుతూ ఉండగా కత్తి మీద తెల్లని పాలు కనబడ్డాయి. గంగవావిలికి పాలు ఉండవు. నేల మీద అదే తీరున పాకే నానుబాలు జాతి మొక్కలు రెండు మూడు దానిలో కలిసిపోయాయి. వాటి పాలు చర్మానికి, కడుపుకు మంచివి కావు. "పాలు కారితే పారెయ్యి" అనేది అవ్వ మొదటి నియమం. కాడ విరిచి చూడకుండా ఆమె ఒక్క ఆకు కూడా ఒడిలో వేసేది కాదు. ఆ నియమం మాకు గుర్తున్నది, చేతులకు మాత్రం గుర్తులేదు. సంచి మొత్తం చెత్తబుట్టలో వేశాము. మనవడు ఆ సాయంకాలం అన్నంలోకి ఏమీ అడగకుండా పెరుగు మాత్రమే తిన్నాడు.

ఈ వ్యాసం చదివి బయలుదేరే కుటుంబాలకు కనుక కొంచెం గట్టిగానే చెబుతాము. ఈ వాదీల్లో గన్నేరు తనంత తాను మొలుస్తుంది. దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషం. ఆ కొమ్మను పుల్లగా వాడి ఏదీ కాల్చరాదు. జిల్లేడు, ఉమ్మెత్త కూడా ఉన్నవి. పాలు లేనంత మాత్రాన మంచిదని కాదు, ఉమ్మెత్తకు పాలు ఉండవు. తెలిసినవారు పక్కన నిలబడి చూపితే తప్ప కోయకండి. ఖోర్ ఫక్కాన్‌కు సమీపంలోని వాదీ వురయ్యా 2009 నుంచి సంరక్షిత ప్రాంతం, 2010లో రామ్సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. అటువంటి చోట ఆకు తెంపరాదు. చుక్కకూరలో, గంగవావిలిలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, కనుక మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు దూరంగా ఉండడం మంచిది.

సుక్కకూర సంచి మాత్రం ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నది. గంగవావిలి అనుభవం తరువాత దానిని వండడానికి చెయ్యి రాలేదు. ఇద్దరమూ దానిని తెరిచి, వాసన చూచి, మళ్ళీ మూసి పెట్టాము. చివరకు అమ్మాయి విసుగుతో, "ఎవరినైనా అడగండి" అన్నది.

ఆనకట్ట దారిలో ఒక ఖర్జూరపు తోట ఉన్నది. ఆ తోటలో పనిచేసే మనిషి మేము మనవడికి తెలుగు అంకెలు చెబుతూ నడవడం రోజూ విన్నాడట. మేము సంచి పట్టుకొని వెళ్ళేసరికి తానే కంచె దగ్గరకు వచ్చాడు. సంచిలోకి చూచాడు.

"ఏటమ్మా, సుక్కకూర కోసేరేటి?"

మేము కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మాలో చిన్నది, తరగతిలో నేర్చుకొన్న తెలుగులో, "మీరు దీనిని ఏమని పిలుస్తారు? దయచేసి మరల చెప్పగలరా?" అని అడిగినది.

ఆయన ముఖంలో నవ్వు తగ్గినది. భుజం మీది తువ్వాలు సర్దుకొన్నాడు. "చుక్కకూర అనాలండి. మేం ఊరోళ్ళం, ఏదో అలా అనెస్తాం" అన్నాడు.

మా పుస్తకపు మాట విని ఆయన తన మాటను దిద్దుకొన్నాడు. ఎర్రసిరా మా చేతిలో లేదు, అయినా దిద్దాము. అవ్వ జాము రొట్టె పెట్టిన ఉదయం మా కళ్ళ ముందు నిలిచినది. "దిద్దుకోవద్దు నాయనా," అన్నది పెద్దది. "మా అవ్వ సుక్కకూర అనే అనేది. మేమే మరచిపోయాము." ఆయన మమ్మల్ని కొంచెం అనుమానంగా చూచాడు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళకు శ్రీకాకుళం అవ్వ ఎలా ఉంటుందో చెప్పడానికి చాలాసేపు పట్టినది. ఆయనది సోంపేట దగ్గరి పల్లె. ఓడల సంగతి, చెరకు సంగతి విని, "అప్పుడూ ఇంతేనేటి" అన్నాడు. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోయాము. ఆయన నాలుగేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదు.

ఆకులు ఒక్కొక్కటి తీసి, కాడ విరిచి, నాలుకకు తాకించి, "సుక్కకూరే, పరవాలేదు" అని తేల్చాడు. ఎలా వండాలో కూడా చెప్పాడు. కందిపప్పు ముందు ఉడకాలి. పచ్చిమిర్చి, ఉల్లి, తరిగిన ఆకు ఆఖరున. ఆకు వేశాక పదినిమిషాలకు మించరాదు. చింతపండు అక్కరలేదు. అల్యూమినియం గిన్నెలో వద్దు, పులుపుకు గిన్నె రుచి దిగుతుంది. తిరగమోతలో వెల్లుల్లి దండిగా. మేము నోటు పుస్తకం తీసి రాసుకొంటూ ఉంటే ఆయనకు మళ్ళీ నవ్వు వచ్చినది.

ఆ రాత్రి పప్పు వండాము. అవ్వ వండినట్లే ఉన్నదని చెప్పలేము. అడవి మొక్క పులుపు ఇంకా పదును, పైగా యాభై ఏళ్ళ నాటి రుచిని నాలుక ఎంతవరకు నిజంగా దాచుకొంటుందో నమ్మకం లేదు. మనవడు రెండుసార్లు వడ్డించుకొన్నాడు. మరునాడు బడి డబ్బాలోకి కూడా కావాలన్నాడు. మేమిద్దరం ఒకరినొకరం చూచుకొన్నాము. అమ్మాయి ఏమీ ఎరుగని దాని వలె డబ్బా కట్టినది. డబ్బా ఖాళీగా తిరిగి వచ్చినది. ఎవరు తిన్నారని మేము అడగలేదు.

మరుసటి శుక్రవారం ఆ తోట మనిషి తన తల్లికి వీడియో కాల్ చేసి మాకు చూపించాడు. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. పొలంలో నిలబడి ఉన్నది. మేము సరియైన తెలుగును పక్కన పెట్టి, వచ్చినంత మాట్లాడాము. గట్ల మీద ఏయే కూరలు కోస్తారమ్మా అని అడిగాము. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టినది. గునుగు, పొన్నగంటి, అటికమామిడి, సెంచలి.

నాలుగో పేరు దగ్గర పెద్దది రాయడం ఆపినది. మా చిన్నతనంలో తొలివానలు పడగానే అవ్వ కిటికీ దగ్గర నిలబడి, "సెంచలి వచ్చుంటాది" అనేది. ఎవరో చుట్టం వస్తున్నదని మేము వాకిట్లోకి పరుగెత్తేవాళ్ళము. ఎవరూ వచ్చేవారు కాదు. సెంచలి అనే ఆ మనిషి ఎవరని నాన్నను అడిగితే, అవ్వకు వయసు మీద పడిందని అన్నారు. నాటాల్ గట్ల మీద ఏ మొక్కను చూచి అవ్వ ఆ పేరు పెట్టుకొన్నదో ఇప్పుడు తెలుసుకొనే దారి లేదు.

"సెంచలి తెలీదేటమ్మా?" అన్నది ఫోనులోని తల్లి. "తొలకరి పడితే సాలు, గట్లంట వచ్చెస్తాది." ఉండమని చెప్పి, ఫోను చేత పట్టుకొని, మాకు చూపించడానికి గట్టు వైపు నడవసాగినది. తెర మీద నేల ఊగినది, ఆమె పాదాలు కనబడ్డాయి. మనవడు పెన్సిలు తీసుకొని మా పుస్తకంలో తానే రాశాడు, స మీద ఎత్వం, పక్కన సున్న. చ అని మేము అనలేదు.